తాత .315 రైఫిల్ ఉంచాలా, .30-06కి మారాలా? .308, .270 సంగతేంది?

వింజమూరు_మనవడు | ఆదివారం, రాత్రి 9:10

మా తాత పోయి తొమ్మిది నెలలైంది. ఆయన లైసెన్సు మీద ఒక .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతిసారీ చేత్తో బోల్టు, అంటే గడియ, లాగి తూటా ఎక్కించేది) ఉంది. ఇషాపూర్ ఫ్యాక్టరీది. ఆయన పోగానే నాన్న దాన్ని డీలర్ దగ్గర డిపాజిట్ చేసి, వారసత్వం కింద తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. లైసెన్సు వస్తే ఏం చేయాలన్నదే ఇంట్లో పంచాయితీ.

డీలర్ ఏమో "ఇది పాత సరుకు, అమ్మేసి .30-06 తీసుకోండి, రెండింటికీ పోలికే లేదు" అంటాడు. టెక్సాస్‌లో ఉన్న మా బావ ".30-06 కూడా ముసలిదే, .308 తీసుకో" అంటాడు. ఇంకొకాయన .270 అన్నాడు. నాకు కాలేజీలో ఎన్.సి.సి. క్యాంపులో కాల్చిన .22 తప్ప ఏమీ తెలియదు. ఈ నంబర్లన్నీ తూటాల పేర్లట, ఫొటోలో ఆ తూటాలు పక్కపక్కన పెడితే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉన్నాయి. నిజంగా తేడా ఎంత? వేటకు కాదు, ముందే చెబుతున్నా. షూటింగ్ రేంజిలో కాల్చడానికి, తాత గుర్తుగా ఉంచుకోవడానికి.

నిమ్మతోట_పొదలకూరు | ఆదివారం, రాత్రి 9:31

ఏ తూటా అయితే ఏంది అబ్బయ్యా. మా తోటలోకొచ్చే పందులకు చదువు రాదు, నంబరు చూసి భయపడవు. పోయిన వారం డ్రిప్ పైపులన్నీ పీకి పారేసినాయి. వాటి సంగతి ఎవరన్నా చెప్పండి ముందు.

నెల్లూరు_వకీలు | ఆదివారం, రాత్రి 9:48

ముందు చట్టం చెప్పేస్తా, తర్వాత మీరు మీరు కొట్టుకోండి.

ఒకటి, .308 మాట మర్చిపోండి. ఆ రైఫిల్‌లో సైన్యం వాడే 7.62 తూటా పడుతుంది. సర్వీసు తూటా పట్టే .303, 7.62 రైఫిళ్లు మన దగ్గర నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). మామూలు లైసెన్సుకు రావు. .315, .30-06 మాత్రం వస్తాయి. మీ బావగారికి టెక్సాస్‌లో కిరాణా కొట్టు పక్కనే దొరకొచ్చు, వింజమూరులో దొరకదు.

రెండు, లైసెన్సు చేతికి రాగానే అడవిలో కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టం కాపాడే జంతువుల జాబితాలో ఉంది. పంట పాడుచేస్తున్న పందిని కాల్చాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. సెక్షన్ 11. పొదలకూరు అన్నా, ఇది మీకే. కంచెకు కరెంటు తీగ చుట్టే ఆలోచన ఉంటే అది పందికంటే ముందు మనిషిని చంపుతుంది. అలాంటి కేసులు కోర్టులో చూస్తూనే ఉన్నాం.

నిమ్మతోట_పొదలకూరు | ఆదివారం, రాత్రి 9:55

కరెంటు తీగ నేనెందుకు పెడతా సామీ, మా నీళ్ల మనిషి తెల్లారుజామునే తోటలో తిరుగుతుంటాడు. పర్మిషన్ కాగితం గురించే అడుగుతా ఉండా.

చీమకుర్తి_సుబేదారు | సోమవారం, ఉదయం 6:20

బాబూ మనవడూ, ముందు ఒక మాట సరిచేసుకోండి. తూటా వేరు, గుండు వేరు. తూటా అంటే ఇత్తడి కేసు, అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే క్యాపు, లోపల తుపాకీ మందు, పైన గుండు, మొత్తం కలిపి. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. ఇక్కడ సగం తగాదాలు ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తాయి. చెప్పుల దుకాణంలో కాలి సైజు అడిగితే ప్యాంటు సైజు చెప్పినట్టు ఉంటుంది.

రెండో మోసం పేర్లలో ఉంది. నంబరు చూసి గుండు ఎంత లావో చెప్పలేం. .308లో గుండు నిజంగానే 0.308 అంగుళాలు. .30-06లోనూ అదే 0.308. ఆ 06 అనేది లావు కాదు, 1906 అనే సంవత్సరం. .270లో గుండు 0.277. .303లో 0.311 దాకా ఉంటుంది. మీ తాతగారి .315లో గుండు 0.323, ఎందుకంటే .315 అన్నది గొట్టం లోపల గుండును తిప్పే గాడుల మధ్య మిట్టల మీద కొలిచిన కొలత. ఒక్కో దేశం ఒక్కోచోట టేపు పెట్టింది.

నేను సర్వీసులో ఎస్.ఎల్.ఆర్. (సైన్యం పాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మోశాను. దాని తూటా 7.62, 51 మిల్లీమీటర్ల కేసు. మీ బావ చెప్పే .308 దానికి తోబుట్టువు. బాగుంటుంది, కాదనను. కానీ .30-06కీ దానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉందంటే నమ్మకండి.

కావలి_బావ_టెక్సాస్ | సోమవారం, ఉదయం 8:02

ఆ బావను నేనే. ఇక్కడ దొరికిపోయా.

ఒరే బామ్మర్దీ, నేను .308 అన్నది ఇక్కడి లెక్కలో. నిషిద్ధ బోరు సంగతి నాకు తట్టలేదు, వకీలు గారికి దండం. కానీ ముసలిది అన్నమాట వెనక్కి తీసుకోను. .308 వచ్చింది 1952లో. అప్పటికి మందు మెరుగైంది. అందుకే 63 మిల్లీమీటర్ల .30-06 కేసు చేసే పనిని దాదాపు 51 మిల్లీమీటర్ల కేసులోనే చేయించారు. కేసు పొట్టిదైతే బోల్టు వెనక్కి లాగే దూరం తగ్గుతుంది, రైఫిల్ కాస్త తేలికవుతుంది. నేను మోసేవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు తెలుస్తుంది. మధ్యాహ్నం టెక్సాస్ ఎండలో ముళ్లకంపల్లో ఐదు మైళ్లు నడిచి చూడు.

చీమకుర్తి_సుబేదారు | సోమవారం, ఉదయం 8:15

బావగారూ, మేం ఎడారిలో పెద్దమూటతో నడిచాం. ముళ్లకంపల సంగతి మాకు చెప్పకండి.

కావలి_బావ_టెక్సాస్ | సోమవారం, ఉదయం 8:17

తప్పైంది సార్.

లెక్కల_మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:40

స్కూలు అయ్యాక కూర్చుని లెక్కేశాను. ఫ్యాక్టరీలు సాధారణంగా చెప్పే వేగాలు తీసుకున్నా. గొట్టం పొడవును బట్టి, తయారీని బట్టి కొంచెం మారతాయి. బరువులు గ్రెయిన్లలో చెబుతారు, ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు.

.30-06లో 180 గ్రెయిన్ల గుండు సెకనుకు 820 మీటర్ల చుట్టుపక్కల బయల్దేరుతుంది. శక్తి సుమారు 3,950 జౌళ్లు. .308లో అదే గుండు 790 మీటర్ల దగ్గర, 3,650 జౌళ్లు. .270లో 130 గ్రెయిన్ల చిన్న గుండు 930 మీటర్లు, అది కూడా 3,650 దగ్గరే తేలింది. అంటే .308, .270 ఒకటి బరువుతో, ఇంకొకటి వేగంతో ఒకే చోటికి వచ్చాయి. .30-06 కాస్త పైన. .30-06కీ .308కీ తేడా 8 శాతం లోపు.

ఇక .315. గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. మిగతావన్నీ దాని ముందు పిల్లలు. కానీ వేగం 610 మీటర్ల దగ్గరే. శక్తి 2,950 జౌళ్లు.

ఇక్కడే నాకు సరదా అనిపించింది. మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌కు చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ. అది జర్మన్ల 7×57 మౌజర్ తూటాకే ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు. దానికి ఈ రోజు దొరికే 140 గ్రెయిన్ల గుండుతో లెక్క కడితే 2,980 జౌళ్లు! మీ తాతగారి .315కీ దీనికీ కాగితం మీద తేడా లేదు.

వింజమూరు_మనవడు | సోమవారం, సాయంత్రం 6:05

అంటే తాతది కార్బెట్ రైఫిల్‌తో సమానమా మాస్టారూ? నాన్నకు ఈ పేజీ చూపిస్తా!

లెక్కల_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:30

ఆగు నాయనా, పరీక్ష సగమే అయింది. జౌళ్లు సమానమైనంత మాత్రాన దారి సమానం కాదు.

వంద గజాల దగ్గర గురి సరిగ్గా కుదిర్చాం అనుకో. రెండు వందల గజాలకు వెళ్లేసరికి .270 గుండు మూడు అంగుళాల లోపే దిగుతుంది. .30-06, .308, .275 నాలుగు అంగుళాల అటూ ఇటూ. నీ .315 పది అంగుళాల దాకా దిగుతుంది. గుండు బరువైనదే, కానీ ముక్కు మొద్దు, నడక నెమ్మది. గాలిలో ఉన్నంతసేపూ భూమి లాగుతూనే ఉంటుంది కదా. 610 మీటర్లతో బయల్దేరింది 820తో బయల్దేరిన దానికంటే ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. పడే లోతు సమయం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తొమ్మిదో తరగతి పాఠం ఇది.

కాబట్టి నువ్వడిగిన దానికి నా జవాబు. .308, .30-06, .270, .275 అన్నీ నిజంగా దగ్గరి చుట్టాలు. కాల్చేవాడికి కళ్లకు గంతలు కట్టి లక్ష్యం మీద చిల్లులు మాత్రమే చూపిస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. .315 మాత్రం వేరే కుటుంబం. వంద గజాల్లోపు ఎవరికీ తీసిపోదు. ఆపైన ఎంత ఎత్తు పట్టాలో కాల్చేవాడికి తెలిసుండాలి.

నిమ్మతోట_పొదలకూరు | సోమవారం, రాత్రి 7:12

కళ్లకు గంతలు కట్టి తుపాకీ ఇస్తారంట. మాస్టారు బాగా చెప్పాడు. మనం దూరంగా నిలబడదాం.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 7:20

కాల్చిన తర్వాతే గంతలు, ముందు కాదు!

ఒంగోలు_షూటర్ | సోమవారం, రాత్రి 9:50

నేను .22లో పోటీలకు కాలుస్తాను, పెద్ద రైఫిళ్లు రేంజిలో వేరేవాళ్లవి ఐదారు సార్లు పట్టుకున్నా. మీ అందరి లెక్కల్లో భుజం కనిపించలేదు, అందుకే రాస్తున్నా.

వంద మందిలో తొంభై మంది గురి తప్పేది తూటా వల్ల కాదు, తన్ను భయంతో. తన్ను అంటే కాల్చగానే రైఫిల్ భుజాన్ని వెనక్కి కొట్టడం. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటారు, భుజం ముందుకు తోస్తారు. వాళ్లకు తెలియకుండానే. ఎవరికైనా ఈ జబ్బు ఉందో లేదో చూడాలంటే కోచ్‌లు ఒక పని చేస్తారు. నిజమైన తూటాల మధ్య ఒక డమ్మీ తూటా కలిపేస్తారు. డమ్మీ దగ్గర "టిక్" మని శబ్దం వచ్చి గొట్టం కిందికి ఊగిందంటే దొరికిపోయినట్టే. నేను మొదటిసారి .30-06 పట్టుకున్నప్పుడు దొరికిపోయాను. సిగ్గుతో చచ్చా.

180 గ్రెయిన్లతో .30-06 గట్టిగానే తంతుంది. .308 దానికంటే కొంచెం తక్కువ, .270 ఇంకొంచెం తక్కువ, 7×57 అయితే చాలా మర్యాద. కాగితం మీద 8 శాతం ఎక్కువ శక్తి కోసం భుజం మీద కనిపించేంత తన్ను కొనుక్కోవడం నా మటుకు నాకు బేరం కాదు. .315 గుండు బరువైనా వేగం తక్కువ కాబట్టి చెంపదెబ్బలా కాకుండా గట్టిగా తోసినట్టు ఉంటుందని కాల్చినవాళ్లు అంటారు. అయితే బట్ (భుజానికి ఆనించే చెక్క) చివర ఇనుప ప్లేటు ఉంటే మాత్రం రబ్బరు ప్యాడ్ తొడగండి. పాత రైఫిళ్లకు అదే శాపం.

ఇంకోటి. బట్ పొడవు మీ చేతికి సరిపోయిందా చూశారా? తాతగారి ఎత్తు ఎంత, మీ నాన్నగారి ఎత్తు ఎంత? ఇది ఎవరూ అడగరు.

వింజమూరు_మనవడు | సోమవారం, రాత్రి 10:04

తాత ఆరడుగుల పైన. నాన్న ఐదడుగుల నాలుగు. అక్కా, నిజంగానే ఎవరూ అడగలేదు.

కావలి_బావ_టెక్సాస్ | మంగళవారం, ఉదయం 7:45

బామ్మర్దీ, నా .270 కథ చెబుతా. మీ అక్కకు చెప్పొద్దు, ఆ రోజు ఆఫీసులో ఉన్నానని చెప్పా.

దక్షిణ టెక్సాస్‌లో మన మనుబోతులు ఉన్నాయని తెలుసా? నీల్గాయ్. దాదాపు వందేళ్ల కిందట కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి వదిలారు, ఇప్పుడు అక్కడి అడవంతా అవే. ఊళ్లో ఉండగా బొమ్మల్లో తప్ప చూడని జంతువును అక్కడ చూశా. అక్కడ చట్టప్రకారమే వేట, రాంచ్ వాళ్లకు డబ్బు కట్టి వెళ్లాలి. నేను .270, 130 గ్రెయిన్ల గుండ్లతో వెళ్లా. దుప్పి సైజు జింకలకు కొనుక్కున్న డబ్బా అది, మెత్తని ముక్కు, తగలగానే పువ్వులా విచ్చుకునే రకం. పెద్ద మగ మనుబోతు. గురి బాగానే ఉంది, భుజం మీద తగిలింది. అది కదిలి కంపల్లోకి పోయింది.

మూడు గంటలు వెతికాం. చివరికి దొరికింది, కానీ ఆ మూడు గంటలూ నాకు అన్నం సయించలేదు. తర్వాత గైడు కోసి చూపించాడు. మనుబోతు భుజం చర్మం, ఎముక ఎంత మందమో! గుండు పైనే ముక్కలైపోయింది, లోపలికి సగమే వెళ్లింది. నేను ".270 పనికిరాదు" అన్నా. ఆ గైడు ముసలాయన నవ్వి తన రైఫిల్ చూపించాడు. అదీ .270నే! గుండు మాత్రం వేరు, 150 గ్రెయిన్లు, ముక్కలు కాకుండా గట్టిగా కట్టింది. అదే తూటా, అదే నంబరు.

సుబేదారు గారు మొదటి రోజే తూటా వేరు, గుండు వేరు అన్నారు చూడు, అది నాకు ఎనిమిది వందల డాలర్లు పెడితే అర్థమైంది.

చీమకుర్తి_సుబేదారు | మంగళవారం, ఉదయం 8:30

ఫీజు కాస్త ఎక్కువే పడింది. కానీ పాఠం సరైనదే.

కార్బెట్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. డబ్ల్యు.డి.ఎం. బెల్ అని ఒక స్కాట్లాండాయన ఆఫ్రికాలో ఏనుగుల్ని ఎక్కువగా ఈ .275తోనే పడగొట్టాడు. చిన్న తూటాతో ఏనుగు అంటే వినడానికి వింతే. ఆయన వాడింది విచ్చుకోని గట్టి గుండు, గురి సూటిగా మెదడుకు. ఏనుగు తల లోపలి నిర్మాణం కోసి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయకూడదు, చట్టం ఒప్పదు, నేనూ ఒప్పను. నంబరు ఒక్కటే పని చేయదని చెప్పడానికి చెప్పాను.

పెన్నగట్టు_పిట్ట | మంగళవారం, ఉదయం 11:15

క్షమించాలి, ఇది చదివితే నాకు కడుపులో తిప్పుతోంది. నేలపట్టులో కొంగల్ని చూడ్డానికి వెళ్లేదాన్ని నేను. ఏనుగు మెదడు, మనుబోతు భుజం... మనుషులు ఇట్లా ఎట్టా మాట్లాడతారో.

కావలి_బావ_టెక్సాస్ | మంగళవారం, ఉదయం 11:40

మీ బాధ అర్థమైంది అండీ. నేను మళ్లీ మనుబోతు వేటకు వెళ్లలేదు, అది మాత్రం నిజం. ఇక్కడ అడవిపందులు పొలాలు దున్నేస్తాయి, వాటి మీదే వెళ్తా. ఇక్కడ అవి బయటి నుంచి వచ్చి పెరిగిన జాతి, మన దగ్గరలా కాదు.

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

వేట మంచా చెడా అన్న చర్చకు వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ తూటాల తేడా వరకే. పెన్నగట్టు_పిట్ట గారూ, మీ మాట తొలగించలేదు, అది అక్కడే ఉంటుంది.

వింజమూరు_మనవడు | మంగళవారం, రాత్రి 9:22

అసలు ఈ .315 అన్నదే ఎందుకు పుట్టింది? ప్రపంచంలో ఎవరూ వాడరు అంటున్నారు, మన దగ్గర మాత్రం ప్రతి ఊళ్లో పెద్దిళ్లలో అదే ఉంటుంది.

చీమకుర్తి_సుబేదారు | బుధవారం, ఉదయం 6:05

భయంతో పుట్టింది బాబూ. మన భయం కాదు, తెల్లవాడి భయం.

సైన్యం తూటాలు జనం చేతిలో పడితే తిరగబడతారని బ్రిటిష్ ప్రభుత్వం సర్వీసు బోర్లను మామూలు జనానికి ఇవ్వలేదు. 1907 ప్రాంతంలో .450 తూటాను కూడా ఇండియాలో ఆపేశారు. అప్పుడే ఇంగ్లండ్ తుపాకీ కంపెనీలు హడావుడిగా .470, .465 లాంటి కొత్త సైజులు చేశాయి, వ్యాపారం పోకూడదు కదా. చిన్న రైఫిళ్ల దగ్గరా అంతే. .303 తూటా పట్టని రైఫిల్ కావాలి, అదే సమయంలో అది వేటకు పనికిరావాలి. ఆస్ట్రియా సైన్యం పాత తూటా ఒకటి ఉంది, 8×50 మాన్‌లికర్, అంచు ఉన్న కేసు. దానికి .315 అని పేరు పెట్టి అమ్మారు. ఆస్ట్రియావాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. మనం స్వాతంత్ర్యం తర్వాత కూడా అదే నియమం ఉంచుకున్నాం, అదే తూటా ఉంచుకున్నాం. ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టి వింజమూరులో స్థిరపడింది.

నెల్లూరు_వకీలు | బుధవారం, ఉదయం 9:10

సుబేదారు గారు చెప్పింది కరెక్ట్. కోర్టులో ఎవరైనా "ఎయిట్ ఎం.ఎం. రైఫిల్" అంటే నేను ఏ ఎయిట్ ఎం.ఎం. అని అడుగుతా. ఆస్ట్రియాదా, జర్మన్ల 8×57నా? తూటాలు వేరు. కాగితంలో ఒక్క అంకె తప్పు పడినా రెన్యువల్ దగ్గర నెలలు తిరగాలి. మీ నాన్నగారి దరఖాస్తులో బోరు, రైఫిల్ నంబరు రెండూ గొట్టం మీద ఉన్నట్టే రాశారా, ఒకసారి చూసుకోండి. 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, అదీ గుర్తుంచుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించాలని అడుగుతారు, రసీదు లేకుండా ఇవ్వకండి.

కావలి_బావ_టెక్సాస్ | బుధవారం, ఉదయం 9:55

తూటాలు కలిసిపోవడం గురించి వకీలు గారు చెప్పారు కాబట్టి ఒక భయంకరమైన పని చెబుతా.

ఇక్కడి రేంజిలో పక్క బెంచీ ఆయన, నా స్నేహితుడు. ఒకరిది .30-06, ఒకరిది .308. రెండు రైఫిళ్లూ నల్లగా ఒకేలా. రెండు డబ్బాలూ బెంచీ మీద తెరిచి ఉన్నాయి. స్నేహితుడు మాటల్లో పడి .308 తూటా తీసి .30-06లో పెట్టబోయాడు. అది పొట్టిది కాబట్టి లోపలికి దిగుతుంది, బోల్టు మూసుకోవచ్చు కూడా. కానీ కేసు ముందు ఖాళీ మిగులుతుంది. కాలిస్తే ఇత్తడి కేసు చిట్లి, వేడి గ్యాసు ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. పక్కాయన అరిచి ఆపాడు. ఆ తర్వాత మేమంతా ఒక్క బెంచీ మీద ఒక్క డబ్బానే పెడతాం. అన్నదమ్ముల్లాగా ఉన్నాయని నువ్వన్నావు చూడు బామ్మర్దీ, ఆ పోలికే ప్రమాదం. .30-06 కేసు నోరు చిన్నది చేస్తే .270, .308 నోరు చిన్నది చేస్తే .243. మడమలు, అంటే కేసు వెనక చివరలు, అన్నీ ఒకే సైజు. ప్రతి తూటా వెనుక ముద్ర చదివి పెట్టాలి, చూసి కాదు, చదివి.

ఒంగోలు_షూటర్ | బుధవారం, రాత్రి 8:40

ఇది పెద్ద అక్షరాలతో రాయాల్సిన మాట. మా దగ్గర .22లోనే లాంగ్ రైఫిల్, మాగ్నమ్ అనే రెండు రకాల తూటాలకు ఈ గందరగోళం చూశా.

ఇక ఒక ప్రశ్న. ఇంతమంది ఇన్ని చెప్పారు, తూటాలు దొరకడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇండియాలో మన చేతికి వచ్చేది ఎక్కువగా ప్రభుత్వ కర్మాగారాల సరుకే కదా. .30-06కి బావగారి దగ్గర యాభై రకాల గుండ్లు ఉంటే ఉండొచ్చు, ఇక్కడ డీలర్ అరలో ఒకటో రెండో ఉంటాయి, అవి కూడా ఆ నెల వస్తే. మీకు నచ్చిన నంబరు కాదు, మీ డీలర్ వరసగా తెప్పించగలిగే నంబరు తీసుకోండి.

వింజమూరు_మనవడు | గురువారం, ఉదయం 10:30

అక్కా, డీలర్‌ను ఫోన్లో ఇదే అడిగా. కాసేపు తడబడ్డాడు. ".30-06 తూటాలు చెబితే తెప్పిస్తాం, .315 ఎప్పుడూ ఉంటుంది" అన్నాడు. రైఫిల్ మార్చమన్న మనిషి నోటి నుంచే వచ్చింది ఆ మాట.

నిమ్మతోట_పొదలకూరు | గురువారం, ఉదయం 10:41

కొత్తది అమ్ముకోవాలని ఉంటాడు పాపం. ఆయనా బతకాలి గదా.

వింజమూరు_మనవడు | తొమ్మిది రోజుల తర్వాత, శనివారం, రాత్రి 9:15

లైసెన్సు ఇంకా రాలేదు, ఎంక్వయిరీ అయింది. నిన్న నాన్నా నేనూ డీలర్ దగ్గరికెళ్లి, ఆయన ముందే రైఫిల్ చూసొచ్చాం. ఈ దారం అంతా ప్రింటు తీసి తీసుకెళ్లా, నాన్న దారిపొడుగునా చదివాడు.

గొట్టం లోపల తుప్పు ఉంటుందేమోనని భయపడ్డాం. వెలుతురుకు పెట్టి చూస్తే గాడులు గాజులా మెరుస్తున్నాయి! డీలరే ఆశ్చర్యపోయాడు. ఇంటికొచ్చి నాయనమ్మకు చెబితే తనకేం వింతగా అనిపించలేదు. తాత ఎప్పుడు కాల్చి వచ్చినా నాయనమ్మతో ఇత్తడి గిన్నెలో నీళ్లు మరగబెట్టించి, గరాటు పెట్టి గొట్టంలో పోసేవాడట. ఆరబెట్టి నూనె గుడ్డ లాగేవాడట. "స్నానం ఆయనకు ఆలస్యమైనా ఫరవాలేదు, దానికి మాత్రం కాకూడదు" అంది.

చీమకుర్తి_సుబేదారు | శనివారం, రాత్రి 9:50

మీ తాతగారికి పని తెలుసు బాబూ. పాతకాలం తూటాల క్యాపుల్లో కాలిన తర్వాత ఉప్పులాంటిది గొట్టంలో మిగిలేది. అది తేమను లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే వేన్నీళ్లు. మేమూ రెజిమెంటులో అంతే చేసేవాళ్లం. నెల్లూరు గాలిలో తేమ గురించి వేరే చెప్పాలా.

వింజమూరు_మనవడు | శనివారం, రాత్రి 10:10

నాన్న నిర్ణయం అయిపోయింది. .315 ఉంచుతాడు. లెక్కల మాస్టారి పది అంగుళాల లెక్కను కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. రేంజిలో వంద గజాలు దాటి కాల్చే ఉద్దేశం లేదంటాడు, అయినా రాసుకున్నాడు. బట్ ఒక అంగుళం తగ్గించాలి, ఇనుప ప్లేటుకు రబ్బరు వేయించాలి. అయితే నాయనమ్మ బట్ కోయనివ్వనంటోంది. తాత చెంప ఆనించిన చోట పాలిష్ పోయి చెక్క నునుపుగా ఉంది, అక్కడ చెయ్యి పెట్టి కూర్చుంటా, ఇంటికి తెచ్చాక ఎవరూ ముట్టుకోవద్దంటోంది.

ఒంగోలు_షూటర్ | శనివారం, రాత్రి 10:18

చెంప ఆనే చోటు కోయక్కర్లేదని చెప్పండి. కోసేది వెనక చివర. కోసిన ముక్క ఆవిడకే ఇచ్చేయండి.

కావలి_బావ_టెక్సాస్ | ఆదివారం, ఉదయం 6:30

బామ్మర్దీ, సంక్రాంతికి వస్తున్నా. రేంజికి నన్నూ తీసుకెళ్లండి, లైసెన్సు ఉన్నవాళ్ల పక్కన నిలబడి చూస్తా. .308 మాట ఎత్తను.

నిమ్మతోట_పొదలకూరు | ఆదివారం, ఉదయం 7:05

అంతా బాగుంది, మనవడి సంగతి తేలింది. నా పందుల సంగతి?

నెల్లూరు_వకీలు | ఆదివారం, ఉదయం 8:20

మీకు దరఖాస్తు నమూనా మెసేజ్‌లో పంపుతున్నా అన్నా. గ్రామం, సర్వే నంబరు, ఎన్ని చెట్లు, ఎంత నష్టం, ఏ తేదీల్లో, ఫొటోలతో సహా రాయండి. వీఆర్వో సంతకం చేయించి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పైపులు మళ్లీ వేసేముందు ఫొటో తీయడం మర్చిపోకండి.

నిమ్మతోట_పొదలకూరు | ఆదివారం, ఉదయం 8:26

పైపులు నిన్ననే వేసేసినా సామీ.